తర్వాతి షాటు

జ్ఞానాపురంలో పొద్దున ఆరేసిన తెల్లచొక్కా
మధ్యాహ్నానికి బూడిదరంగు.
పోర్టు గాలి ఎటు తిరిగితే అటు ఇళ్ళకి నల్లపొడి.

ఎనభై మూడు, వేసవి.
కార్మికుల క్లబ్బులో కేరంబోర్డులు గోడకి చేరేసి
దుప్పటి కట్టి ఆసిరి మావ రీలు ఎక్కించేవాడు.
ఏ ఓడవాళ్ళు ఏ బాకీ కింద వదిలేసిపోయారో
తుప్పుపట్టిన డబ్బాలు రెండు.
మాటలు ఇంగ్లీషు, మాకు రాదు.
నవ్వడానికి రావాలా ఏం?

ఒకదాన్లో దీవి. గుండిగ. గుండిగలో టోపీ దొర.
చుట్టూ గంతులేస్తూ తారు పూసిన తలలు,
ముక్కుల్లో ఎముకలు.
వాళ్ళకి పేర్లు లేవు, అందరికీ ఒకటే ముఖం,
గీసినవాడికి తీరిక లేనట్టుంది.

ఇంకోదాన్లో పిల్లి.
పిల్లి చేతిలో బాంబు పేలుతుంది.
పొగ తొలిగేసరికి మూతంతా మసి,
తెల్లగుడ్లు రెండు, బూరెల్లా ఉబ్బిన పెదాలు,
నెత్తిమీద పిలకలు, పిలక పిలకకీ రిబ్బను.
అంతే. అదే జోకు.

నాకు తొమ్మిదేళ్ళు.
గోలీసోడా ముక్కులోంచి వచ్చేలా నవ్వాను.

మర్నాడు బళ్ళో
రైలుపట్టాల అవతల నుంచి వచ్చే నూకరత్నాన్ని
"ఊగా బూగా" అన్నాను.
మొదట అన్నది నేనే.
పిల్లలందరం అన్నాం అని
ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఆ పిల్ల ఏడవలేదు.
వారం పోయాక కుళాయి దగ్గర అడిగింది:
"ఒలే, ఆ పిల్లి మళ్ళీ తెల్లగా ఎలాగయ్యిందే?
కడుక్కున్నట్టు సూపించనేదు కదా."

నిజమే, చూపించలేదు.
తర్వాతి షాటుకి శుభ్రంగా ఉంది పిల్లి,
కుక్క తరుముతుంటే గోడ దూకుతూ.
నేను దానికీ నవ్వాను,
బిందె నిండి కాళ్ళమీద పొర్లేదాకా.

ప్రతి సాయంత్రం
మా నాన్న బెర్తు మీంచి వచ్చేవాడు
నెత్తి నుంచి గోళ్ళదాకా మాంగనీసు పొడి,
తెల్లగుడ్లు రెండు, కిళ్ళీ నమిలిన ఎర్రపెదాలు.
గుమ్మం అవతలే ఆగి "నీళ్ళు" అనేవాడు.
చెంబు అందించింది ఈ చేతులే.
ఒక్కసారైనా ఆ దుప్పటి గుర్తురాలేదు.
ఎందుకు రాలేదో చెప్పగలిగితే
ఈ కవిత అక్కర్లేదు.

ఇప్పుడు పెదవాల్తేరులో మా మేడమీద
టెక్లే అని ఎరిట్రియా కుర్రాడు అద్దెకుంటున్నాడు.
సముద్రం అడుగు మట్టి మీద వాడి చదువు.
ఏడిళ్ళవాళ్ళు లేదన్నాక మా మెట్లెక్కాడు.
నేనూ ఒక పూట ఆలోచించాకే తాళం ఇచ్చాను.

మొన్న మనవడు ఫోను పట్టుకుని పగలబడుతుంటే
వంగి చూశాను.
అదే గుండిగ. అవే ఎముకలు.
ఎవరో శ్రద్ధగా రంగులు కడిగారు,
గీతలు ముందుకంటే పదునుగా ఉన్నాయి.
మెట్లు దిగుతున్న టెక్లే ఆగాడు.
నా చెయ్యి ఫోను మీదకి వెళ్ళింది, కాస్త ఆలస్యంగా.

"ఇది మాకూ వేశారండీ," అన్నాడు
వచ్చీరాని తెలుగులో,
"అస్మరాలో. స్కూల్ హాల్లో.
మేమూ చాలా నవ్వాం.
అది వేరే ఎవరో అనుకున్నాం."

చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు,
బస్సుకి టైమైందని.

వేరే ఎవరో.

నూకరత్నం ఎక్కడుందో తెలీదు.
ఫిషింగ్ హార్బరులో కానాగంతలు బేరమాడుతూ
గంప వెనక ఒక్కో ముఖం దగ్గర ఆగుతాను.
"తీసుకుంతావా, సూసి పోతావా?" అని కసురుతారు.
దొరికితే మాత్రం ఏమంటాను.
తప్పయిపోయిందంటే నవ్వుతుందేమో,
నలభయ్యేళ్ళుగా నాకు రావలసిన నవ్వు.

నా వేలు తగిలి బొమ్మ ఆగిపోయింది.
దీవి అయిపోయి పిల్లి మొదలైంది కాబోలు.
అద్దం నిండా మసి, మసిలో రెండు గుడ్లు,
వాటి మీద, మసగ్గా, వంగి చూస్తున్న నా ముఖం.

"అమ్మమ్మా, తర్వాత ఏమవుద్ది?"

ఏమీ కాదురా.
పిల్లి శుభ్రంగా వచ్చేస్తుంది.
ఎక్కడ కడుక్కుందో చూపించరు.